లెపిడొలైట్ రాయి ఉంటే లిథియం మాత్ర మానేయొచ్చా? బెంగళూరు ఎగ్జిబిషన్‌లో కొన్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

మారతహళ్లి_మాధవి
మొన్న ఆదివారం నేనూ మా చెల్లీ ఇక్కడ ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్లాం. రాళ్ల స్టాల్‌లో లేత ఊదారంగు రాయి ఒకటి కనిపించింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, కదిపితే మిలమిల మెరుస్తుంది. చెల్లి 1,400 రూపాయలు ఇచ్చి కొనేసింది. "దీన్ని లెపిడొలైట్ అంటారు, లిథియం దీని పేరులోనే ఉంది చూడండి, డాక్టర్లిచ్చే మాత్రలో ఉండేదీ ఇదే, దిండు కింద పెట్టుకుంటే టెన్షన్ పోతుంది" అన్నాడు స్టాల్ అతను.

మా చెల్లి నాలుగేళ్లుగా బైపోలార్‌కి (మనసు ఒకసారి అతి ఉత్సాహంలోకి, ఒకసారి కుంగుబాటులోకి ఊగే జబ్బు) లిథియం మాత్రలు వేసుకుంటోంది. ఇప్పుడు బాగుంది, ఉద్యోగం చేసుకుంటోంది. కానీ చేతులు కొంచెం వణుకుతాయి, దాహం ఎక్కువ, రక్తపరీక్షలకి తిరిగి తిరిగి విసిగిపోయింది. నిన్న రాత్రి "అక్కా, రాయిలోదీ అదే అయినప్పుడు మాత్ర దేనికి? రాయిని నీళ్లలో వేసి ఆ నీళ్లు తాగితే చాలదా?" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కసిరితే మొండికేస్తుంది. ఆ రాయిలో నిజంగా లిథియం ఉందా? ఉంటే ఒంటికి పడుతుందా? వివరంగా రాయండి, తనకి చదివి వినిపిస్తాను.

ల్యాబ్_లక్ష్మి
మిగతావి తర్వాత. మాత్ర ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి. రేపు పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేసి వణుకూ దాహం సంగతి చెప్పండి. మోతాదు సర్దడం వాళ్ల పని, అందుకు దారులున్నాయి.

రాళ్లపిచ్చి_రవి
లక్ష్మిగారి మాటే ముందు. ఇక రాయి గురించి.

లెపిడొలైట్ అంటే ఒక రకం అభ్రకం. అందులో లిథియం నిజంగానే ఉంటుంది. స్టాల్ అతను అక్కడి వరకు సరిగ్గానే చెప్పాడు. పేరు సంగతి మాత్రం తప్పు. ఆ పేరు గ్రీకు మాట నుంచి వచ్చింది, 'లెపిడోస్' అంటే పొలుసు. చేప పొలుసుల్లా రేకులు రేకులుగా మెరుస్తుందని 1792లో క్లాప్రోత్ అనే జర్మన్ రసాయనవేత్త పెట్టాడు. అంతకుముందు దాన్ని రంగును బట్టి లిలలైట్ అనేవాళ్లు. లిథియం అనే మూలకాన్ని కనిపెట్టిందేమో 1817లో, స్వీడన్‌లో ఆర్ఫ్‌వెడ్‌సన్, అదీ పెటలైట్ అనే ఇంకో రాయిలో. అంటే రాయికి పేరు పెట్టిన పాతికేళ్ల దాకా లిథియం అనేది ఒకటుందని ప్రపంచానికి తెలీదు.

ఊదారంగు కూడా లిథియం వల్ల రాదు. కాస్తంత మాంగనీసు కలవడం వల్ల వస్తుంది. లిథియం నిండుగా ఉండి బూడిదరంగులో, తెల్లగా ఉండే లెపిడొలైట్ కూడా దొరుకుతుంది.

క్రిస్టల్_కావ్య
నా దగ్గర రెండేళ్లుగా లెపిడొలైట్ బ్రేస్‌లెట్ ఉంది. పెట్టుకున్నప్పటి నుంచి నిద్ర బాగా పడుతోంది. అన్నీ ల్యాబ్‌లో తేలవు. మాత్ర మానేయమని నేను అనను గానీ, రాయిని కొట్టిపారేయకండి.

గూడూరు_గనిబాబు
మాధవమ్మా, మాది గూడూరు. నాన్న, పెదనాన్న సైదాపురం వైపు అభ్రకం గనుల్లో పనిచేశారు. ఇప్పుడు అబ్బాయి దగ్గర ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటున్నాను. చిన్నప్పుడు మేం దాన్ని కాకిబంగారం అనేవాళ్లం. ఇక్కడ కన్నడంలోనూ కాగె బంగారమే అంటారని మా వాచ్‌మన్ చెప్పాడు, భలే సంతోషమేసింది. ఇంటి అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని కత్తి మొనతో దిమ్మలని చీల్చి పల్చటి రేకులు తీసేవాళ్లు. అక్కడ తీసేది మస్కొవైట్, లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. మీ చెల్లి కొన్నది దానికి దూరపు చుట్టం. అభ్రకం నీళ్లలో కరిగిందని నేను ఒక్కనాడూ వినలేదు తల్లీ. ఏళ్ల తరబడి వానకి తడిసిన గుట్టల్లో కూడా రేకు రేకులాగే మెరుస్తూ ఉండేది.

బ్యాటరీ_భాస్కర్
లెక్క వేద్దాం. మంచి లెపిడొలైట్‌లో లిథియం ఆక్సైడ్ 3 నుంచి 4 శాతం ఉంటుంది. 3.3 అనుకుంటే అసలు లిథియం ఒకటిన్నర శాతం. 100 గ్రాముల రాయిలో ఒకటిన్నర గ్రాము. 300 మిల్లీగ్రాముల లిథియం కార్బొనేట్ మాత్రలో లిథియం 56 మిల్లీగ్రాములే. అంటే ఆ రాయిలో 27 మాత్రలకి సరిపడా లిథియం ఉన్నట్టు!

మారతహళ్లి_మాధవి
భాస్కర్‌గారూ, మీరు రాసింది చెల్లి నా భుజం మీద నుంచి చదివేసింది. "చూశావా, 27 మాత్రలు" అంటోంది. ఇప్పుడేం చెప్పను?

బ్యాటరీ_భాస్కర్
క్షమించండి, సగంలో ఆపేశాను. ఉండటం వేరు, బయటికి రావడం వేరు. రాయి నుంచి లిథియం తీయాలంటే దాన్ని పిండిగా నూరి, సల్ఫేట్ లవణాలు కలిపి, బట్టీలో 850 - 950 డిగ్రీల దాకా వేయించాలి. తర్వాత నీళ్లలో కడిగితే లిథియం సల్ఫేట్‌గా దిగుతుంది. ఆ నీళ్లు శుద్ధి చేసి సోడా వేస్తే అప్పుడు లిథియం కార్బొనేట్ పేరుకుంటుంది. కొన్నిచోట్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఉడికిస్తారు. ఇంత కష్టపడితే గానీ వదలని లిథియం మీ వాటర్ బాటిల్‌లోకి దానంతట అది ఎందుకు దిగుతుంది?

రాళ్లపిచ్చి_రవి
ఎందుకు వదలదో నేను చెప్తాను, మా అమ్మాయికి చెప్పినట్టే.

బొబ్బట్లు దొంతరగా పేర్చారనుకోండి. ఒక్కో బొబ్బట్టుకి పైనా కిందా పిండి పొర, మధ్యలో పూర్ణం. అభ్రకంలో పైనా కిందా ఉండే పొరలు సిలికావి. మధ్య పూర్ణం చోట అల్యూమినియం, లిథియం ఉంటాయి. ఒక బొబ్బట్టుకీ ఇంకో బొబ్బట్టుకీ మధ్య అంటుకోకుండా నెయ్యి రాసినట్టు పొటాషియం ఉంటుంది. ఆ నెయ్యి దగ్గర పట్టు తక్కువ, అందుకే రేకులు అంత సులువుగా విడిపోతాయి. గనిబాబుగారి ఇంటి ఆడవాళ్లు కత్తి పెట్టింది అక్కడే. బొబ్బట్టు లోపలి పూర్ణం మాత్రం రేకు చీలినా బయటపడదు. చర్మానికి తగిలినా, దిండు కింద పెట్టినా, నీళ్లలో వేసినా లిథియం ఆ లోపలే ఉంటుంది.

నిశాచరి77
రాత్రి పదకొండింటికి బొబ్బట్ల పోలిక పెట్టారు, ఇప్పుడు మారతహళ్లిలో ఎక్కడ దొరుకుతాయి?

తమ్ముడి_కోసం
నేను ఈ వేదికలో ఎప్పుడూ రాయలేదు, చదవడమే. ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా తమ్ముడికీ ఇదే మాత్ర. మూడేళ్లు బాగున్నాడు. "నాకు నయమైపోయింది" అని ఎవరికీ చెప్పకుండా మానేశాడు. ఆరో వారంలో నిద్ర తగ్గింది, మాట వేగం పెరిగింది, ఉన్న డబ్బంతా ఖర్చుపెట్టాడు, తర్వాత ఆసుపత్రి. రాయి కాదు, వాడి విషయంలో ఇంకెవరో చెప్పిన పొడి. కోలుకోవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు మళ్లీ పనికి వెళ్తున్నాడు. మాధవిగారూ, మీ చెల్లి మీకు చెప్పి అడిగింది. అది చాలా పెద్ద విషయం. మా వాడు చెప్పలేదు.

మారతహళ్లి_మాధవి
మీ పోస్ట్ తనే చదివింది. ఏమీ అనలేదు, లేచి వెళ్లి రాత్రి మాత్ర వేసుకుంది. థాంక్స్ అన్నది చిన్న మాట.

సహజమే_శ్రేయం
మన ఆయుర్వేదంలో అభ్రక భస్మం వేల ఏళ్లుగా వాడటం లేదా? అభ్రకం మందు కాదనడం అన్యాయం.

రాళ్లపిచ్చి_రవి
శ్రేయంగారూ, అభ్రక భస్మానికి వాడేది నల్ల అభ్రకం, అంటే బయొటైట్. దానిలో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. దాన్ని కాల్చి, చల్లార్చి, మూలికల రసాలతో నూరి, మళ్లీ మళ్లీ పుటం పెడతారు. అంత తతంగం చేయడమే పచ్చి అభ్రకం ఒంటికి పనికిరాదని ఆ వైద్యులకీ తెలుసు అనడానికి గుర్తు. స్టాల్‌లో కొన్న ఊదారాయిని నీళ్లలో వేయడానికీ దానికీ పోలికే లేదు.

సహజమే_శ్రేయం
పుటం సంగతి సరే. లిథియం మాత్ర మాత్రం ఫ్యాక్టరీ రసాయనమే కదా అన్నది నా బాధ.

ల్యాబ్_లక్ష్మి
ఆ రసాయనం కూడా భూమిలోంచి వచ్చిందేనండీ. చిలీలోని అటకామా ఉప్పునీటి మడుగుల నుంచో, ఇలాంటి రాళ్ల నుంచో తీస్తారు. తేడా అంతా కొలతలో ఉంది.

నేను జయనగర్ దగ్గర ఒక ల్యాబ్‌లో పదహారేళ్లుగా ఉన్నాను. లిథియం శాంపిల్స్ రోజూ చూస్తాను. రక్తంలో లీటర్‌కి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలని ఎక్కువమంది డాక్టర్లు చూస్తారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. మందుగా పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఇంత సన్నటి గట్టు ఉన్న మందులు తక్కువ. అందుకే రక్తం తీస్తాం, కిడ్నీ, థైరాయిడ్ కూడా చూస్తాం. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి తీయాలి, లేకపోతే అంకె తప్పొస్తుంది. ఎండల్లో నీళ్లు తాగక ఒళ్లు ఎండినా, వాంతులు విరేచనాలు అయినా, డాక్టర్‌కి చెప్పకుండా ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకున్నా స్థాయి పెరిగిపోతుంది. చెల్లికి దాహం వేస్తే తాగనివ్వండి, ఉప్పు కూడా ఒక్కసారిగా తగ్గించొద్దు.

1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ ఈ మందు మానియాకి, అంటే బైపోలార్‌లో వచ్చే ఆ అతి ఉత్సాహ దశకి, పనిచేస్తుందని చూపించాడు. మొదట్లో రక్తంలో కొలిచి ఇచ్చే పద్ధతి లేక ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మీ చెల్లిని విసిగిస్తున్న ఆ సూదే తనకి కాపలా.

క్రిస్టల్_కావ్య
లక్ష్మిగారి పోస్ట్ రెండుసార్లు చదివాను. బ్రేస్‌లెట్ నాకిష్టం, తీయను. కానీ నా పోస్ట్ చూసి ఎవరైనా మాత్ర ఆపితే ఆ పాపం నాకొద్దు. మాధవీ, చెల్లికి నా తరఫున చెప్పండి, నేను ఏ మాత్రా వేసుకోవాల్సిన అవసరం లేని మనిషిని. నా నిద్రతో తన ఆరోగ్యాన్ని పోల్చుకోవద్దని.

సారె_మీద_మట్టి
నేను హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో కుండల స్టూడియో నడుపుతాను. గ్లేజుల్లో (కుండల మీద వేసే గాజు పూత) లెపిడొలైట్ పొడి వాడాను. లిథియం ఉన్నందువల్ల గ్లేజు తక్కువ వేడికే కరుగుతుంది, వేడికి వ్యాకోచించడం తగ్గుతుంది, అందుకే వేడి తట్టుకునే గాజు తయారీలోనూ వాడతారు. ఇబ్బంది ఏమిటంటే దీనిలో ఫ్లోరిన్ ఉంటుంది. బట్టీలో అది వాయువుగా బయటికొచ్చి గ్లేజు మీద బుడగలు లేపుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్క్ లేకుండా పొడి ముట్టుకోను, కిటికీలు తెరవకుండా బట్టీ వెలిగించను. ఎవరైనా సరదాకి ఈ రాయిని గ్యాస్ స్టవ్ మీద కాల్చి ఎర్రమంట వస్తుందేమో చూద్దామనుకుంటే దయచేసి ఆ పని చేయొద్దు.

నిశాచరి77
ఎర్రమంట వస్తుందా నిజంగా? నేనూ అదే చేద్దామనుకున్నా!

రాళ్లపిచ్చి_రవి
వస్తుంది, లిథియం మంటని ముదురెరుపు చేస్తుంది. కానీ సారెగారు చెప్పినట్టు ఇంట్లో వద్దు.

ఆ మంటలోనే ఒక గొప్ప కథ ఉంది. 1861లో హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ లెపిడొలైట్‌ని కరిగించి వచ్చిన పదార్థాన్ని మంటలో పెట్టి వర్ణపటం చూశారు. అప్పటివరకు ఎవరికీ తెలియని ముదురెరుపు గీతలు కనిపించాయి. దాని ఆధారంగా కొత్త మూలకానికి రుబీడియం అని పేరు పెట్టారు, లాటిన్‌లో ముదురెరుపు అని. దాన్ని కొద్దిగా రాబట్టడానికి 150 కిలోల లెపిడొలైట్‌ని శుద్ధి చేయాల్సి వచ్చింది. పొటాషియం ఉండాల్సిన చోట, అదే ఆ బొబ్బట్ల మధ్య నెయ్యి ఉండే చోట, రుబీడియం, సీసియం అనే ఇంకో మూలకం వచ్చి కూర్చుంటాయి.

హెబ్బాళ_హరిత
రుబీడియం అనగానే ఆగలేకపోయాను. మా ఆయన శాటిలైట్ల పనిలో ఉన్నారు. మన నావిక్ (జీపీఎస్ లాంటి మన దారిచూపే వ్యవస్థ) ఉపగ్రహాల్లో గడియారాలు రుబీడియం గడియారాలే. మొదటి వరసలో వాడినవి విదేశాల నుంచి తెచ్చినవి, కొన్ని పాడయ్యాయి. ఆ తర్వాత మనవాళ్లే తయారుచేసుకున్న రుబీడియం గడియారం 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎన్‌విఎస్-01లో మొదటిసారి పైకెళ్లింది. గనిబాబుగారూ, మీ గూడూరుకి దగ్గర్లోనే కదా ఆ షార్ రాకెట్ కేంద్రం!

గూడూరు_గనిబాబు
దగ్గరేనమ్మా, సూళ్లూరుపేట దాటితే వచ్చేస్తుంది. రాకెట్ లేస్తే మా మేడ మీంచి కనిపించేది. ఇలాంటి రాయిలో దొరికిన లోహం మన ఆకాశంలో గడియారమై తిరుగుతోందంటే నాన్న నమ్మేవాడు కాదు.

లాల్‌బాగ్_వాకర్
ఒక డౌట్. సీసియం, రుబీడియం అంటున్నారు, రేడియేషన్ ఉంటుందా? దిండు కింద పెట్టుకుంటున్నారు కదా.

రాళ్లపిచ్చి_రవి
రుబీడియంలో నాలుగో వంతు పైగా రుబీడియం-87. అది రేడియోధార్మికమే. కానీ సగం క్షీణించడానికి దాదాపు 4,900 కోట్ల ఏళ్లు పడుతుంది. భూమి వయసే 450 కోట్ల ఏళ్లు. అంటే దాని నుంచి వచ్చే రేడియేషన్ అతి స్వల్పం, భయం అక్కర్లేదు. పైగా అది మెల్లగా స్ట్రాన్షియంగా మారడాన్ని కొలిచి పాత రాళ్ల వయసు లెక్కిస్తారు. రుబీడియం దండిగా ఉండే లెపిడొలైట్ ఆ పనికి మంచి సరుకు.

మీరు రోజూ నడిచే లాల్‌బాగ్ గుట్ట వయసు 300 కోట్ల ఏళ్లు, తెలుసా?

లాల్‌బాగ్_వాకర్
బోర్డు మీద చదివాను గానీ ఎప్పుడూ నిలబడి ఆలోచించలేదు. మరి ఆ గుట్టలో లెపిడొలైట్ ఉంటుందా? అసలు ఈ రాయి ఎలా పుడుతుంది?

రాళ్లపిచ్చి_రవి
ఆ గుట్ట నైస్ (gneiss) అనే రకం రాయి, దానిలో వెతికి ప్రయోజనం లేదు. లెపిడొలైట్ పుట్టేది పెగ్మటైట్ అనే రాతిలో.

గనిబాబుగారి తీరంలో ఉప్పుమళ్లు ఉంటాయి కదా. సముద్రపు నీళ్లు ఎండుతుంటే ముందు ఉప్పు పేరుకుంటుంది. ఉప్పులో ఇమడనివన్నీ అడుగున మిగిలిన చేదు నీళ్లలో చేరతాయి. భూమి లోపల కరిగిన గ్రానైట్ చల్లబడేటప్పుడూ అదే జరుగుతుంది. ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ ముందు గట్టిపడతాయి. లిథియం, రుబీడియం, సీసియం, బోరాన్, ఫ్లోరిన్ వాటి స్ఫటికాల్లో ఇమడవు. అన్నీ చివరి ద్రవంలో మిగిలిపోతాయి. ఆ ద్రవం చుట్టూ ఉన్న రాతి పగుళ్లలోకి దూరుతుంది. నీరు, ఫ్లోరిన్ ఉండటం వల్ల అది పల్చగా పారుతుంది, అణువులు సులువుగా కదులుతాయి, అందుకే అక్కడ స్ఫటికాలు జానెడు, మూరెడు పెరుగుతాయి. లిథియం మరీ ఎక్కువైన చోట, చిట్టచివరి దశలో, ఈ ఊదా అభ్రకం పుడుతుంది. పక్కనే గులాబీ టూర్మలిన్, స్పొడుమీన్ (లిథియం ఉండే ఇంకో ఖనిజం), తగరపు ఖనిజం లాంటివి దొరుకుతాయి.

బ్యాటరీ_భాస్కర్
మన కర్ణాటక సంగతి కూడా చెప్పాలి. మండ్య జిల్లా మార్లగళ్ల, అళ్లపట్టణ ప్రాంతంలో అణు ఖనిజాల సంస్థ పెగ్మటైట్లలో 1,600 టన్నుల లిథియం ఉన్నట్టు అంచనా వేసింది. అది ఎక్కువగా స్పొడుమీన్, లెపిడొలైట్ కాదు. ఛత్తీస్‌గఢ్ బస్తర్ వైపు, జార్ఖండ్ కోడర్మా వైపు లెపిడొలైట్ ఉంది. లిథియం ఖనిజాలు 2023 దాకా అణు ఖనిజాల జాబితాలో ఉండేవి. ఆ ఏడాది చట్టం మార్చి తీసేశారు, ఇప్పుడు ప్రైవేటుకి వేలం వేయొచ్చు.

లెపిడొలైట్‌ని పెద్ద ఎత్తున తవ్వేది చైనాలో, జియాంగ్షీ రాష్ట్రం యిచున్‌లో. అక్కడి రాయిలో లిథియం తక్కువ. 0.4 శాతం ఆక్సైడ్ అనుకుని లెక్క వేస్తే, 3 కిలోవాట్ అవర్ల స్కూటర్ బ్యాటరీకి కావాల్సిన సుమారు 300 గ్రాముల లిథియం కోసం, ఒక్క రవ్వ వృథా కాకపోయినా 160 కిలోల రాయి నూరాలి. మిగిలిన పిండి అంతా గుట్టలే. ఔటర్ రింగ్ రోడ్‌లో నా స్కూటర్ తోలుతున్నప్పుడల్లా ఆ గుట్టలు గుర్తొస్తాయి. ఈ గనులు మన దగ్గర తెరిచేటప్పుడు ఆ పిండిని ఎక్కడ పోస్తారో ముందే అడగాలి.

గూడూరు_గనిబాబు
ఆ దుమ్ము సంగతి నన్నడగండి బాబూ. నాన్న చివరి పదేళ్లు దగ్గుతోనే గడిపాడు. గని తెరిచేవాళ్లు ముందు కూలీ ముక్కుకి గుడ్డ కాదు, సరైన మాస్క్ ఇవ్వాలి. ఇది రాసి ఉంచండి.

మారతహళ్లి_మాధవి
అప్‌డేట్. డాక్టర్‌తో మాట్లాడాం. రక్తపరీక్ష చూసి మోతాదు, వేసుకునే వేళ సర్దుతానన్నారు. వణుకు తగ్గించే మార్గం ఉందన్నారు. చెల్లి నాలుగేళ్లలో మొదటిసారి తన ఇబ్బందులన్నీ కాగితం మీద రాసుకుని తీసుకెళ్లింది.

రాయి నీళ్లలో వేయనని తనే అంది. కానీ అది అసలుదో నకిలీదో తెలుసుకోవాలట. ఎలా చూడాలి?

రాళ్లపిచ్చి_రవి
ఊడిన చిన్న పొలుసుని గోరుతో నెమ్మదిగా వంచండి. వంగి, వదిలితే మళ్లీ నిటారుగా వస్తే అభ్రకమే. స్టీల్ చాకు మొనకి గీత పడాలి, పడకపోతే రంగేసిన క్వార్ట్జ్ కావచ్చు. దూదిని గోళ్ల రంగు తుడిచే ద్రవంలో ముంచి రుద్దితే దూదికి ఊదా అంటకూడదు. ఆదివారం పొద్దున ఏడింటికి నేను లాల్‌బాగ్ గుట్ట మీద, కెంపేగౌడ గోపురం దగ్గర ఉంటాను. లెన్స్ తెస్తాను, రాయి తీసుకురండి.

లాల్‌బాగ్_వాకర్
నేనూ వస్తా.

గూడూరు_గనిబాబు
మెట్రో ఎక్కించమని అబ్బాయిని అడిగాను. వస్తున్నా.

మారతహళ్లి_మాధవి_చెల్లి
అక్క అకౌంట్ కాదు, నాదే. నిన్న లాల్‌బాగ్‌లో కలిసిన అందరికీ రాస్తున్నాను. గనిబాబు తాతగారు నా రాయి అంచు నుంచి ఒక పొలుసు గోటితో తీసి ఎండకి పట్టి చూపించారు. అవతల గోపురం లేత గులాబీగా కనిపించింది. దాన్ని డైరీలో అతికించాను. రాయి ఇప్పుడు నా డెస్క్ మీద ఉంది, మాత్రల డబ్బా పక్కనే.

రవిగారూ, ఇంటికొచ్చాక చూస్తే రాయి కింది వైపు గులాబీరంగు పుల్ల లాంటిది ఒకటి పొడుచుకుని ఉంది. పొడవునా సన్నటి గీతలున్నాయి. చాకుతో గీస్తే గీత పడలేదు. ఏమిటది?

రాళ్లపిచ్చి_రవి
అమ్మాయ్, అది టూర్మలిన్! గులాబీరంగుదాన్ని రూబెలైట్ అంటారు. చివర విరిగి ఉంటే లెన్స్‌తో చూడు, అడ్డుకోత ఉబ్బిన త్రిభుజంలా ఉంటుంది. లెపిడొలైట్‌తో పాటు అదే చివరి ద్రవంలో పుట్టింది. పీకొద్దు, అలాగే ఉంచు. ఫోటో పెట్టు.